ఎర్రదీపం ఆరని కారు

మొన్న వేసవిలో మా చిన్నల్లుడి కారులో కొత్తవలస మీదుగా ఇంటికి వస్తున్నాం. ముందు అల్లుడూ అమ్మాయీ, వెనక నేనూ నా మందుల సంచీ. ఊరు ఇంకా రాకముందే స్టీరింగు వెనక ఉండే పలక మీద బేటరీ బొమ్మ ఒకటి ఎర్రగా వెలిగింది. అంతకు కొద్దిరోజుల ముందే, బేటరీకి కరెంటు పోసే ఆల్టర్నేటర్ అనే సామాను కొత్తది వేయించాడట. అయినా అల్లుడు విసుక్కోలేదు, రోడ్డు పక్కన కనిపించిన షెడ్డు ముందు ఆపాడు. అక్కడి మెకానిక్కు స్టీరింగు కింద ఏదో తగిలించి, ఫోనులోకి చూసి, బానెట్టు ఎత్తి, సరిగ్గా కూర్చోని ప్లగ్గొకటి నొక్కేసి, అయిపోయింది సార్ అన్నాడు. అల్లుడు ఆ ముందటి మెకానిక్కుకి ఫోన్ చేసి సంగతి చెప్తే, అవతలివాడు నవ్వాడు, ఇవతలివాడూ నవ్వాడు, అంతటితో సరిపోయింది. వెనక సీట్లో కూర్చున్న నాకు మాత్రం ఒళ్ళంతా చెమట పట్టింది. అమ్మాయి చూసి ఏసీ పెంచింది. అది ఎండ చెమట కాదని చెప్పాలంటే చాలా దూరం నుంచి మొదలుపెట్టాలి, అంత ఓపిక వాళ్ళకి ఉండదు. డైనమో అన్న మాట వినీ, హ్యాండిలు తిప్పి కారు స్టార్టు చెయ్యడం చూసీ ఉన్న నా ఈడువాళ్ళు మీరు, మీకు చెప్పుకుంటాను.

అరవైలు ముగుస్తున్న రోజులు. నేను చీపురుపల్లిలో మా మేనమావ కారుకి డ్రైవర్ని. నాన్న పోయాక అమ్మనీ, అప్పనీ, నన్నూ తన ఇంటికి తెచ్చి పెట్టుకున్నది ఆయనే. మా వైపు అక్కని అప్ప అంటాం. తిండి పెట్టాడు, కాదనను. పెట్టిన ప్రతి ముద్దనీ నలుగురి ముందూ గుర్తు చేసేవాడు, అదీ కాదనలేను. నువ్వులూ వేరుశనగా కొని రైలుకెక్కించే వ్యాపారం ఆయనది. స్టేషనుకి దగ్గర్లో గోదాము, బజార్లో కొట్టు. ఎవరో పాత దివాణంవాళ్ళు అమ్మేసుకున్న నల్ల కారు ఒకటి కొని బాడుగకి తిప్పేవాడు. పెళ్ళి అయినా, పురుడైనా, ఆదివారంనాడు అరసవల్లి దర్శనమైనా, చుట్టుపక్కల పెద్దిళ్ళవాళ్ళు ఆ కారుకే కబురు పెట్టేవారు. మావకి డబ్బుకన్నా ఆ కబురే ముద్దు. ఆయన పోయి ఇన్నేళ్ళయింది, ఆ కారు ముందు సీట్లో ఆయన కాలు మీద కాలేసుకుని కూర్చున్న తీరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పెద్దవాణ్ణయ్యాను గనక మంట చల్లారిందని అబద్ధం రాయలేను.

మా అప్పని తన పెద్దకొడుక్కి చేసుకోవాలని మావ కోరిక. అయితే నాన్న తను బతికుండగానే విజయనగరం సంబంధానికి మాట ఇచ్చేశాడు. ఆ పెళ్ళికొడుకే మా బావ. భూమి అన్నదమ్ములకి వదిలిపెట్టి, విజయనగరంలో లారీల షెడ్డు పెట్టుకుని, పగలంతా బళ్ళ కింద పడుకుని ఉండే మనిషి. నాన్న లేకపోయినా అమ్మ ఆ మాట నిలబెట్టింది, పెళ్ళి అక్కడే జరిగింది. పెళ్ళిలో మావ పందిట్లో కూర్చోకుండా బయట తిరుగుతూ, మా మేనగోడల్ని తీసుకెళ్ళి నూనెగుడ్డకి ముడేసినారు అని వచ్చినవాళ్ళందరితోనూ అన్నాడు. అది బావ చెవిన పడింది. ఎవరైనా మాటంటే అక్కడే మర్చిపోయే మనిషి కాదు ఆయన. మింగి, లోపలెక్కడో దాచుకునే మనిషి. అలాంటివాళ్ళతోనే భయం.

డ్రైవరు కాకముందు నేను బావ షెడ్డులోనే పని నేర్చుకున్నాను. కోప్పడకుండా నేర్పేవాడు. కరెంటు పనిలో ఆయనకో పద్ధతి ఉండేది: ఒక బల్బుకి రెండు తీగలు కట్టి, ఒక కొస ఇక్కడా ఒక కొస అక్కడా ఆనించి, ఎక్కడ వెలిగిందో ఎక్కడ వెలగలేదో చూసుకుంటూ పోవడమే. నోటితో చెప్పింది నమ్మకు, వెలుతురు చెప్పింది నమ్ము అనేవాడు. నాకు మెకానిక్కు పని అబ్బలేదు గానీ ఆ బల్బు పద్ధతి మాత్రం చేతికి అంటుకుంది.

ఆ ఏడాది పెళ్ళిళ్ళ ముందు కారు డైనమో కాలిపోయింది. ఇంజను తిరిగేటప్పుడు బేటరీకి కరెంటు పోసేది డైనమో. అది పోతే బేటరీ కొంతసేపు తన కరెంటు తానే తిని, చివరికి బండి ఆగిపోతుంది. మావకి ఇష్టం లేకపోయినా, నమ్మకంగా చేసే మనిషి ఇంకొకడు లేక, కారుని విజయనగరం బావ షెడ్డుకే పంపించాడు. బావ విశాఖపట్నం నుంచి కొత్త డైనమో తెప్పించాడు. కారు ఎలాగూ ఆగి ఉంది గనక రంగు కూడా వేయించేద్దామని మావకి తోచి, బళ్ళకీ కొట్ల పలకలకీ రంగులేసే తన మనిషి ఒకణ్ణి చీపురుపల్లి నుంచి పంపించాడు. రంగు అయ్యాక కరెంటు పని మొదలెడతానని బావ అంటే, రెండూ ఒకేసారి కానిమ్మని మావ కబురు. సరేనని బావ డైనమో బిగించి, నేనక్కడ ఉండగానే ఇంజను స్టార్టు చేసి చూపించాడు. తాళం తిప్పగానే వెలిగిన ఎర్రదీపం, ఇంజను అందుకోగానే ఆరిపోయింది. దీపం ఆరిందంటే డైనమో కరెంటు పోస్తున్నట్టు. మర్నాడు సాలూరు వైపు ఘాటీలో ఆగిపోయిన లారీ కోసం బావ వెళ్ళాడు. ఆయన లేనప్పుడే రంగువాడు బానెట్టు లోపల కూడా మెరవాలని మావ చెప్పినట్టు, అడ్డొచ్చిన పెట్టెలు విప్పి తన పని ముగించాడు, బావ రాకుండానే మావ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి కారు తెచ్చేసుకున్నాడు. అద్దంలా మెరుస్తున్న ఆ నల్లరంగులో మావ తన మొహం చూసుకుని మీసం సవరించుకోవడం నా కళ్ళతో చూశాను.

దారిలోనే దీపం తీరు వింతగా ఉంది. మెల్లగా వెళ్తే మసకబారేది, వేగం పెంచితే ఇంకా కాంతిగా వెలిగేది. వేగంలో ఆరిపోవాల్సిన దీపం వేగంలోనే పెరగడం నేనెప్పుడూ చూడలేదు. చెప్తే మావ, కొత్త సామాను కదరా, అలవాటు పడతాది అన్నాడు. ఆదివారం బొబ్బిలి వైపు పెద్దింటివాళ్ళని అరసవల్లి తీసుకెళ్ళాను. ముసలావిడ, కొడుకులు, కోడళ్ళు. దర్శనం చేసుకుని తిరిగి వస్తుంటే, పొందూరు దాటాక, పొద్దుగూకే వేళ లైట్లు వేశాను. అవి పండిన నిమ్మకాయ రంగులోకి దిగి, అక్కణ్ణుంచి నిప్పుకణికల్లా మారాయి. ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ఆ ముసలావిడని ఎడ్లబండి ఎక్కించి ఊరు చేర్చాల్సి వచ్చింది. మర్నాడు పొద్దున్నే పెద్దకొడుకు మావ కొట్టు ముందుకొచ్చి, బజారంతా వినేలా, రంగేసిన శవాన్ని పంపించేవేటి మాకు అని అరిచి వెళ్ళాడు. మావ మొహం అప్పుడు చూడాలి. ఆయనకి తగిలిన దెబ్బలన్నీ ఎవరో ఒకరికి అప్పజెప్పేదాకా ఆయనకి అన్నం దిగదు. ఎవరికి అప్పజెప్తాడో నాకు అప్పుడే తెలిసిపోయింది.

హ్యాండిలు తిప్పించి, అరువు బేటరీ పెట్టించి, విజయనగరం పోనియ్యమన్నాడు. షెడ్డు ముందు కారు ఆపగానే, కిందికి దిగకుండా, కిటికీలోంచే కేకేశాడు.

"కొత్త డైనమో ఎక్కడెట్టినావు?"

లారీ కింద నుంచి బావ జరిగి బయటికొచ్చాడు. "బండికే ఉన్నాది మావా. అదేటలగ అడుగుతన్నావు?"

"బండికున్నాది మా పాతదే. పైపైన తుడిసి ఎట్టీసినావు. కొత్తది ఏ లారీకి బిగించీసినావో అది సెప్పు."

వీధిలో మనుషులు ఆగారు. పక్క షెడ్డువాళ్ళు సుత్తి పక్కన పెట్టి చూస్తున్నారు. బావ చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, మెల్లగానే అన్నాడు. "దిగు మావా. బానెట్టెత్తుతాను, నీ కళ్ళతో నువ్వే సూసుకో. పాతది మూల పడుంది, దాన్నీ సూడు."

"దొంగోడు సూపించింది నానెందుకు సూడాలి?"

బావ చేతిలోని గుడ్డ అలాగే ఆగిపోయింది. నేను వెనక్కి తిరిగి, బావ అలాటోడు కాదు మావా, ఏదో వేరే తప్పుంటాది అన్నాను. నా తిండి తిని దొంగోడికి సాక్ష్యమా అని మావ నా మీద ఒంటికాలి మీద లేచాడు. బావ రెండడుగులు ముందుకొచ్చి కారు తలుపు మీద చెయ్యి వేశాడు, మళ్ళీ ఏమనుకున్నాడో తీసేశాడు. తీశాక ఆ చేతిని కూడా గుడ్డకి తుడుచుకున్నాడు.

"నన్ను దొంగ అన్నోడి బండి మీద ఇంక సెయ్యెయ్యను. తీసుకుపోండి."

అప్పుడు అప్ప మా దగ్గరే ఉంది. నెలలు నిండుతున్నాయని, మొదటి కాన్పుకి అమ్మ దగ్గరికి వచ్చి మావ ఇంట్లో ఉంది. మర్నాడు పొద్దుట రైలుకి బావ చీపురుపల్లి వచ్చాడు. చొక్కా ఉతికింది వేసుకున్నాడు. మావ ఇంటి ముందు వీధిలోనే నిలబడి, లోపలికి రాకుండా, "ఒసే, నీ బట్టలు సర్దుకో, ఎల్లిపోదాం" అన్నాడు. అమ్మ పరిగెత్తుకెళ్ళి ఆయన చేతులు పట్టుకుంది. ఈ నెలల్లో కదపకు బాబూ, పురుడయ్యాక నీ ఇష్టం అని ఏడ్చింది. బావ అమ్మ చేతులు విడిపించుకోలేదు, మనసూ మార్చుకోలేదు. నీ మీద నాకు కోపం నేదు అత్తా అన్నాడు, అంతే. అరుగు మీద పడక్కుర్చీలో కూర్చున్న మావ లేవను కూడా లేవకుండా, ఎల్తే మళ్ళీ ఈ గుమ్మం తొక్కనివ్వను, సెప్పు దానికి అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

అప్ప సంచీతో బయటికొచ్చింది. నడుస్తుంటే ఆయాసపడుతోంది. మావ కుర్చీ ముందు ఆగి, "తొక్కను మావా. నన్నంటే పడుండేదాన్ని, నా మనిషిని దొంగన్నావు" అంది. స్టేషను దాకా అయినా కారులో దింపుతానని నేను తాళం తీసుకుని పరిగెత్తాను. ఆ కారు దాని కాలికి తగలకూడదు అన్నాడు బావ. బజారు మధ్యలోంచి ఇద్దరూ నడిచి వెళ్ళారు, ఆయన ముందూ ఆవిడ వెనకా, ఎవరి మొహమూ చూడకుండా. అమ్మ గుమ్మంలో కూలబడిపోయింది. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగింది మావ కోసం మాత్రమే. ఆయన తిన్నాడు.

తిన్నాక ఇంకో ఆలోచన చేశాడు. బావని పెద్దమనుషుల్లో పెట్టాలి, దానికి సాక్ష్యం కావాలి. శ్రీకాకుళంలో ఒక మెకానిక్కు ఉన్నాడు, బావ షెడ్డు వచ్చాక తన లారీలు అటు పోయాయని కడుపుమంట ఉన్నవాడు. డైనమో అతనికి చూపించి, పాతదేనని నలుగురి ముందూ చెప్పిస్తే పని అయిపోతుంది. ఆ తరవాతి వారంలో ఒక పగటిపూట నన్ను తోలమని శ్రీకాకుళం బయల్దేరాడు. దారి పొడుగునా ఆ ఎర్రదీపం వేగంతోపాటు పెరుగుతూ, తగ్గుతూ నా మొహంలోకి చూస్తూనే ఉంది. నాకు ఒక్కటే పట్టింది: డైనమో చచ్చిందైతే దీపం అలా పెరగదు, ఎక్కడో కరెంటు పుడుతోంది, పుట్టినది బేటరీదాకా పోవడం లేదు.

ఆ మెకానిక్కు బానెట్టు ఎత్తి, డైనమోని ఒక్క చూపు చూసి, ముట్టుకోకుండానే, "ఇది లోపలి తీగ మళ్ళీ సుట్టిన పాత సరుకండి, కొత్తదెక్కడ?" అన్నాడు. మావ మొహం విప్పారింది. నాకు రక్తం తలకెక్కింది. విప్పకుండానే ఎలగ తెలిసిందని అడిగాను. డ్రైవరువి, స్టీరింగు కాడ ఉండు అన్నాడతను. నేను అతని బల్ల మీదున్న బల్బూ తీగలూ అడక్కుండానే తీసుకున్నాను. అతను నా భుజం పట్టుకున్నాడు, నేను విదిలించాను. చుట్టూ నలుగురు చేరారు. మావ, సూడనీ, వోడి ముచ్చటా తీరనీ, అన్నాడు. తను నెగ్గాననే ధీమా ఆయనకి.

బెల్టు నొక్కి చూశాను, బిగువుగానే ఉంది. డైనమో నుంచి వచ్చే రెండు తీగలూ విప్పేసి, అవి బిగించి ఉన్న రెండు మొలలనీ చిన్న తీగముక్కతో కలిపి, బల్బు ఒక కొస వాటికీ రెండో కొస ఇంజను ఇనుముకీ ఆనించి, అక్కడి మనిషి ఒకణ్ణి స్టార్టు చెయ్యమన్నాను. బల్బు ముందు ఎర్రగా, తరవాత పసుపుగా, ఇంకొంచెం వేగానికి తెల్లగా భగ్గుమంది. మావ, ఐతే ఏటి, సుట్టినదైనా ఎలగదేటి అన్నాడు. ఎలుగుతాది మావా, కానీ మన బండి ఆగింది దీని వల్ల కాదు గదా అన్నాను.

తీగలు మళ్ళీ బిగించి కటౌటు పెట్టె దగ్గరికి వచ్చాను. డైనమో కరెంటుని సరిపడా బేటరీకి వదిలేదీ, అక్కర్లేనప్పుడు ఆపేదీ ఆ చిన్న నల్ల పెట్టె; బానెట్టు లోపలి రేకుకి మరలతో బిగించి ఉంటుంది. డైనమో తీగ వచ్చి తగిలే మొల మీద బల్బు ఒక కొస పెట్టి, రెండోది ఇంజనుకి ఆనిస్తే వెలిగింది. కరెంటు పెట్టెదాకా వస్తోంది. ఆ రెండో కొసని ఇంజను మీంచి తీసి, పెట్టె నుంచి కరెంటు బండి ఒంటికి దిగే ఎర్తు మొల మీద పెట్టాను. వెలగలేదు. మళ్ళీ ఇంజను మీద పెట్టాను, వెలిగింది. ఎర్తు మొల మీద, లేదు. చూస్తున్నవాళ్ళలో ఒక ముసలి లారీ డ్రైవరు, ఎర్తు నేదురా దానికి అన్నాడు.

ఇంజను ఆపించి పెట్టె విప్పాను. వెనక రేకంతా దళసరిగా, నిగనిగలాడే నల్లరంగు. ఆ పెట్టె నుంచి బండి ఒంటికి బిగించాల్సిన ఎర్తు తీగ కొసని కూడా రంగువాడు ముంచినట్టు రంగు పూసి, ఆ రంగు మీదే మర తిప్పేసి పోయాడు. ఇనుముకి ఇనుము తగలడం లేదు. గరుకు ఉప్పుకాగితంతో రేకునీ, తీగ కొసనీ మెరిసేదాకా రుద్ది బిగించాను. స్టార్టు చెయ్యగానే పెట్టె లోపల టక్కుమని చిన్న చప్పుడైంది. స్టీరింగు దగ్గర కూర్చున్న మనిషి, ఆరిపోయిందండీ దీపం అని అరిచాడు. ఎంత వేగం ఇచ్చినా మళ్ళీ వెలగలేదు.

ఆ క్షణాన నాకు ఏడుపొచ్చింది. బావ దొంగ కాడని నాకు ముందే తెలుసు, కానీ ఇప్పుడు నలుగురూ చూశారు. మావ వైపు తిరిగాను, ఏదో ఒక మాట, పోనీ ఒక నిట్టూర్పు వస్తుందని. ఆయన ఆ పెట్టెనీ, రాలిన రంగునీ చూశాడు.

"దొంగ కాకపోతే సేతకానోడు. ఇదైనా సూసుకోనోడు మేస్త్రీ ఏటి?"

"బావ లేనప్పుడు విప్పింది రంగోడు మావా. రంగోణ్ణి అంపింది నువ్వు."

చెంప మీద కొట్టాడు. అంతమందిలో, పట్టపగటి ఎండలో. లారీ డ్రైవరు అడ్డు రాకపోతే ఇంకోటి కొట్టేవాడే. తరవాత కారెక్కి కూర్చుని, తాళం నా వైపు విసిరి, తోలమన్నాడు. తోలాను. దారిలో ఒకే ఒక్క మాటన్నాడు: ఈ సంగతి మన ఇంట్లో ఎవరికీ తెలీకూడదు, తెలిసిందంటే నువ్వూ మీ అమ్మా వేరే నీడ చూసుకోవాలి. ఎందుకో నాకు అర్థమైంది. తెలిస్తే ఆయన విజయనగరం వెళ్ళి బావ ముందు నిలబడాలి. దానికన్నా అప్ప అక్కడ ఒంటరిగా పురుడు పోసుకోవడమే ఆయనకి సుళువు.

ఇంటి ముందు కారు ఆపి, తాళం అరుగు మీద పెట్టి, వాకిట్లో బియ్యం ఏరుతున్న అమ్మతో, ఆయన వింటుండగానే, జరిగిందంతా చెప్పేశాను. అమ్మ చేటలో బియ్యం అలాగే వదిలేసి లేచింది. తన అన్నయ్య మొహం ఒకసారి చూసింది. లోపలికెళ్ళి రెండు చీరలు మూట కట్టుకుంది. ఆయన వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు, పెట్టిన తిండీ కట్టించిన బట్టా పేరుపేరునా చెప్తూ. ఆ అరుపు మేం బజారు మలుపు తిరిగేదాకా వినపడింది.

విజయనగరంలో దిగేసరికి అప్పకి పురుడైపోయి కొద్దిరోజులైంది. ఆసుపత్రిలో కష్టమైందట, రెండు రోజులు తెలివి లేదట. పక్కన పొరుగింటావిడ తప్ప ఎవరూ లేరు. అమ్మ లోపలికి వెళ్ళగానే ఇద్దరి ఏడుపూ కలిసి వినిపించింది. నేను షెడ్డులోకి నడిచాను. మంచి కబురు మోసుకొచ్చిన మనిషిలా, గుండె నిండా గర్వంతో, ఎర్తు సంగతి ఊపిరి తీసుకోకుండా చెప్పాను. బావ పానా పక్కన పెట్టకుండానే విన్నాడు.

"దీపం స్పీడులో పెరిగిందేటి?"

"పెరిగింది బావా."

"ఆ మాట ఎవరైనా వొచ్చి సెప్పుంటే ఇక్కడ కూకునే సెప్పీవోణ్ణి, కటౌటుకి ఎర్తు నేదని. ఒక్కరడగనేదు." కొంచెంసేపు నట్టు బిగించాడు. "బల్బు ముందెక్కడెట్టినావు? కటౌటు మీదా, డైనమో మీదా?"

"డైనమో మీద. నువ్వు నేర్పినట్టే."

"కటౌటు విప్పింది రంగోడని నీకు తెలుసు. అయినా ముందు డైనమో మీదెట్టినావు. అంటే నువ్వూ ముందు నా దొంగతనమే ఎతికినావన్నమాట."

కాదు బావా, నువ్వు నేర్పిన వరస అదే కదా, అక్కణ్ణుంచే మొదలెట్టాలని నువ్వే కదా చెప్పావు, మావ నోరు ముందు అక్కడే మూయించాలి కదా, అని ఎన్నో విధాల చెప్పాను. నేను చెప్పింది నిజం. ఇప్పటికీ అదే నిజం అంటాను. ఆయన వినలేదు. పిల్లని సూసుకుని ఎల్లు అన్నాడు.

పిల్లని చూశాను. గుప్పెళ్ళు బిగించుకుని, ఎవరి మీదో కోపం వచ్చినదానిలా కనుబొమలు ముడిచి పడుకుంది.

అమ్మ అక్కడే ఉండిపోయింది, బావ ఆవిణ్ణి చివరిదాకా కన్నతల్లిలా చూసుకున్నాడు. నేను లారీ ఎక్కాను, తరవాత బస్సు డ్రైవరునై రిటైరయ్యాను. ఆ నల్ల కారుని ఆ ఎండాకాలమే మావ అమ్మేశాడు. అది ఎక్కడ కనిపించినా అప్ప తల తిప్పుకునేది. మావ పోయినప్పుడు అప్ప వెళ్ళింది. బావ ఆమెని దింపి, వీధి అవతల మండుటెండలో నిలబడి, ఆవిడ తిరిగొచ్చేదాకా ఒక్క అడుగు ఇవతలికి వెయ్యలేదు. నాతో మాట్లాడ్డం మానలేదు, అంతకన్నా పెద్ద శిక్ష వేశాడు. పెళ్ళైన రోజు నుంచీ ఒరే అని పిలిచిన మనిషి, ఆ రోజు తరవాత నన్ను మీరు అన్నాడు. రండి, కూర్చోండి, మజ్జిగ తీసుకుంటారా. మేనకోడలి పెళ్ళిలో, అమ్మ పోయిన రోజున, అన్నిచోట్లా అదే మర్యాద. ఆఖరికి ఆయనకి జబ్బు చేసి మంచాన ఉన్నప్పుడు చూడ్డానికి వెళ్తే, కళ్ళు తెరిచి, భోజనం చేశారా అని అడిగాడు. లేదు బావా, ఒక్కసారి తిట్టు అన్నాను. కళ్ళు మూసుకున్నాడు.

ఇప్పుడు మా ఇళ్ళల్లో ఎవరూ ఎవరితోనూ పోట్లాడరు. నా పిల్లలూ అప్ప పిల్లలూ పండక్కి ఒకరికొకరు పువ్వుల బొమ్మలు ఫోన్లో పంపుకుంటారు. మనసుకి నచ్చకపోతే ఫోన్ తియ్యడం మానేస్తారు, కొన్నాళ్ళకి అలా మానేశామన్న సంగతే మర్చిపోతారు. ఎవరూ సంచీ సర్దుకుని బజారు మధ్యలోంచి నడిచిపోరు, ఎవరి కోసమూ ఎవరూ ఎండలో నిలబడరు. ఇది మంచిదే అనుకుంటాను, చాలా మటుకు మంచిదే. కానీ ఒక మనిషి తన బతుకంతా నా మీద కోపం మోసుకు తిరిగాడంటే, అన్నేళ్ళూ నేను ఆయన లోపల ఎక్కడో ఉన్నాననే కదా. ఈ రోజుల్లో ఎవరి లోపలైనా అంతకాలం ఉండగలమా అని, సాయంత్రాలు వీధరుగు మీద ఒక్కణ్ణీ కూర్చున్నప్పుడు అనుకుంటూ ఉంటాను.